పెరట్లో పాదం గుర్తు

లా రెండో ఏడులో మాకు నేరశాస్త్రం ఒక పేపరు. పరీక్షల్లో అత్తెసరు మార్కులే గానీ, సెలవులకి ఇంటికొచ్చేసరికి నా అంత మొనగాడు అమలాపురం తాలూకాలోనే లేడనుకునేవాణ్ణి. యాభైల మొదట్లో మాట. అప్పటి నా వాలకం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ ఏడు లెక్చరరుగారు పాదాల గుర్తుల మీద మూడు రోజులు పాఠం చెప్పేరు. అదంతా నా బుర్రలో కుతకుతలాడుతుండగా, ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే పెరట్లో పొయ్యి మీదుండే రాగి కాగు కనపళ్లేదు. స్నానాలకి నీళ్లు కాచే కాగు, నాయనమ్మ నాటిది. అమ్మ లబోదిబోమంది. నాన్నగారు ఠాణాకి కబురంపుతానంటే, "ఉండండి, ఎవరూ అటు తొక్కకండి!" అని అరిచేను.

పొయ్యి పక్క తడిమట్టిలో ఒక పాదం గుర్తు. దారంతో కొలిచేను, కాయితం మీద బొమ్మ గీసేను. బొటనవేలు మిగతా వేళ్లకి బాగా ఎడంగా ఉంది. కాళ్లకి తాటిబందం వేసుకుని రోజంతా కొబ్బరిచెట్లెక్కేవాళ్ల వేలే అలా ఉంటుంది. ఇది మా పుస్తకాల్లో లేదు, అచ్చంగా నా తెలివే. ఉబ్బితబ్బిబ్బయిపోయేను.

"నిన్న పెరట్లోకి ఎవరైనా వచ్చేరా?" అని అమ్మనడిగేను.

"ఎవరొస్తార్రా? ఎవరూ రాలేదు."

అదీ రాసుకున్నాను.

నాన్నగారు ఆ సంగతి ఠాణాకి కబురంపితే, మధ్యాహ్నానికల్లా మా తోటలో కొబ్బరికాయల దింపు తీసే అతన్ని పక్కూరి ఠాణాకి పట్టుకెళ్లేరు. నేనూ నాన్నగారూ వెళ్లేం. హెడ్డు కానిస్టేబుల్‌గారు నా కాయితం నేల మీద పరిచి, అతని పాదం దాని మీద పెట్టించేరు. గీతకి గీత సరిపోయింది. "భలే చదువండీ అబ్బాయిగారిది!" అన్నారు. నాన్నగారి మొహం చాటంతయింది.

"కాగు ఎక్కడ దాచేవురా?"

"నాకు తెలీదండీ. నిన్న సాయంత్రం అబ్బాయిగారు బొండాలడిగితే, ఆ పొయ్యి పక్క చెట్టెక్కి దింపేనండీ. ఆయ్, అంతేనండీ."

నిజమే. పడవ దిగి ఇంటికొస్తూనే, దాహమంటూ అతన్ని పెరట్లోకి పిలిచింది నేనే. రెండు బొండాలు అక్కడే నిలబడి తాగేను. తాగి మర్చిపోయేను. అమ్మా మర్చిపోయింది. దింపు మనిషి రావడం మా ఇళ్లల్లో ఒకరు రావడం కింద లెక్క కాదు మరి. చెట్టెక్కుతాడు, దిగుతాడు, పోతాడు.

"నిజమేనాండీ?" హెడ్డుగారు నా వైపు తిరిగేరు.

అవునంటే సరిపోయేది. పక్కన నాన్నగారున్నారు. ఇందాకటి మెచ్చుకోలు ఇంకా చెవుల్లోనే ఉంది. ఏమని చెప్పను? నా దాహం తీర్చడానికొచ్చిన పాదాన్నే కొలిచి తెచ్చేననా? అతను నన్నే చూస్తున్నాడు. నేను గొంతు సవరించుకునేలోపే కానిస్టేబుల్ లాఠీ అతని చీలమండ మీద పడింది. అతను కుప్పకూలిపోయేడు.

"ఆగండి! నేనే పిలిచేను! నేనే!" అని కేకపెట్టేను.

"ముందే చెప్పకూడదాండీ?" అని నవ్వేసి అతన్ని వదిలేసేరు హెడ్డుగారు. కాగు ఊసే ఎవరికీ గుర్తు లేదు.

నాన్నగారు నాతో మాట్లాడకుండా ముందు నడిచిపోయేరు. వెనకాల కాలవ గట్టు మీద నేనూ, కుంటుతూ అతనూ. చీలమండ అప్పుడే వాచిపోతోంది. ఆ కాలితో ఎన్నాళ్లు చెట్టెక్కలేడో, అన్నాళ్లూ ఆ ఇంట్లో పస్తులే. సిగ్గుతో చచ్చిపోయేను.

"తప్పయిపోయింది," అన్నాను.

"పర్లేదండీ," అన్నాడు. నాలుగడుగులేసి, "ఈ చదువైపోయేక జడ్జీగారవుతారాండీ?" అనడిగేడు.

"అవ్వొచ్చు."

"ఆయ్," అన్నాడు. ఇంకో నాలుగడుగులు కుంటేడు. "అప్పుడూ ఇంతసేపు ఆలోచిస్తారాండీ?"