కొత్త టైర్లు ముందుకి వేయించిన సంగతి

మా ఆవిడ కారు తాళం తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టింది. మా ఇంట్లో పదవీ విరమణ చేసిన వస్తువులన్నీ అక్కడే ఉంటాయి. పాత రిమోటు, ఆగిపోయిన గడియారం, ఎప్పుడో అయిపోయిన పెళ్ళి తాలూకు శుభలేఖ. "ఇక మీరే నడుపుకోండి" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే రెండు రోజుల్లో తాళం కిందికి దిగేది.

ఆవిడ లెక్కల టీచరు. నల్లపాడులో మా ఇంటి నుంచి ఆవిడ బడికి వెళ్ళాలంటే ఒక ఆటో, ఒక బస్సు, మళ్ళీ ఒక ఆటో. ఆ మూడింటి బారి నుంచి బయటపడటానికి నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుంది. నేర్పింది నేను కాదు, అందుకే వచ్చింది. ఏడాదిన్నర పాటు రోజూ వెళ్ళొచ్చింది. పక్క సీటులో క్యారేజీ, వెనక సీటులో దిద్దాల్సిన పేపర్లు. కారు నడుపుతున్నప్పుడు తనలో తను పాడుకునేదని ఎదురింటివాళ్ళు చెబితే తెలిసింది నాకు. ఇంట్లో ఎప్పుడూ పాడగా వినలేదు.

జరిగింది పెద్ద సంగతేమీ కాదు. ఆగస్టులో ఒక పొద్దున సన్నగా జల్లు పడుతోంది. బడికి రెండు కిలోమీటర్ల ముందు ఒక వంపు ఉంది. పత్తి చేలల్లోంచి ట్రాక్టర్లు రోడ్డెక్కేది అక్కడే. వాటి చక్రాలు నల్లరేగడిని తారు మీద పరిచి పోతుంటాయి. ఎండలో అది దుమ్ము, జల్లు పడితే వెన్న. వంపు తిరుగుతూ ఆవిడ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి బ్రేకు తాకింది. ముందు భాగం చెప్పినట్టు విని తిరిగింది. వెనక భాగం మాత్రం తిన్నగా పోదామనుకుంది. కారు గుండ్రంగా తిరిగి, రెండు చక్రాలు పత్తిచేలో దిగి, వచ్చిన దారికే మొహం పెట్టి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాలుగైదు పత్తి మొక్కలు పడుకున్నాయి. చేను ఆసామి గట్టు మీద నుంచి దిగి వచ్చి, కారు మొహం ఎటుందో చూసి, "ఏం టీచరమ్మా, ఇయ్యాల బడి లేదా?" అని అడిగాడట.

ఆ ఆదివారం మా అత్తగారింటికి భోజనానికి వెళ్ళాం. అది ప్రకాశం జిల్లా వైపు. మా మామగారు మిరప రైతు. కూతురు డ్రైవింగ్ నేర్చుకోవడం ఆయనకు మొదట్నించీ నచ్చలేదు, ఇప్పుడు కారణం కూడా దొరికింది. పప్పు దగ్గర మొదలుపెట్టి పెరుగు దాకా అదే మాట్లాడారు. అందరూ నా వైపు చూశారు, నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి. "బ్రేకు కొంచెం గట్టిగా తొక్కినట్టుంది" అన్నాను. కొంచెం అని కలిపాను కూడా. మా ఆవిడ విస్తరి మడిచి లేచిపోయింది. తాళం ఫ్రిజ్ మీదికెక్కింది ఆ సాయంత్రమే.

ఇక్కడ టైర్ల సంగతి చెప్పాలి. ఇదంతా జరగడానికి రెండు నెలల ముందు కారు ముందు టైర్లు అరిగిపోయాయి. మామూలు టైర్లు వేయించి ఊరుకుంటే ఈ రాత ఉండేది కాదు. నేను చేసేది కోల్డ్ స్టోరేజీలో. మిరప టిక్కీలను, అంటే పెద్ద గోనె బస్తాలను, చల్లగా నిద్రపుచ్చే యంత్రాలు చూసుకోవడం నా పని. యంత్రాలతో బతికేవాడికి అన్ని యంత్రాలూ తెలుసుననే ఒక భ్రమ వస్తుంది. మూడు వారాలు ఇంటర్నెట్‌లో టైర్ల మీద చదివాను. ఇల్లు కొన్నప్పుడు రెండుసార్లే చూశాను. ఆ రాసేవాళ్ళంతా ఘాట్ రోడ్ల మీద వేగంగా వెళ్ళేవాళ్ళు. మాకు దగ్గర్లో ఉన్న కొండ రైల్వే ఫ్లైఓవర్. అయినా పెర్ఫార్మెన్స్ టైర్లు కావాలని తేల్చుకున్నాను. రబ్బరు మెత్తగా ఉంటుంది, గాట్లు నీళ్ళను పక్కలకు చిమ్మేస్తాయి, తడి రోడ్డును పట్టుకుంటాయి. మా కారు ఏడేళ్ళ చిన్న కారు. అది మోసేది ఒక టీచరునీ, ఒక క్యారేజీనీ.

వెనక టైర్లకు గాట్లు ఇంకా లోతుగానే ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. షాపు ఆయన కొత్త జత దించి, "ముందుకేనా సార్?" అన్నాడు. నేను ఒప్పుకునేలోపే కారణాలు ఆయనే చెప్పాడు. ఇంజను ముందుంది, స్టీరింగ్ ముందుంది, బ్రేకు పని ముందు చక్రాలదే, వెనకవి ఊరికే వెంట వచ్చేవి. వినడానికి చాలా బాగుంది. నేను ఇంకో కారణం కూడా చేర్చాను, ఏమిటో గుర్తులేదు. ఇద్దరం చదువుకున్నవాళ్ళలా తలలూపుకున్నాం.

తాళం ఫ్రిజ్ ఎక్కాక కారు నా చేతికొచ్చింది. ఆవిడ మళ్ళీ ఆటో, బస్సు, ఆటో. ఏడుకు బయల్దేరాల్సినావిడ ఆరున్నరకే బయల్దేరేది. సాయంత్రం వచ్చి కాళ్ళు పీటమీద పెట్టుకుని కూర్చునేది. ఒకసారి నేను కారులో దింపుతానంటే, "మీకెందుకండీ శ్రమ" అంది. ఆ 'అండీ'లో చాలా దూరం ఉంది.

మా మామగారు తన వంతు మరమ్మతు చేశారు. ఆయన సరుకు మా కోల్డ్ స్టోరేజీలోనే ఉంది, మంచి ధర కోసం రెండో ఏడాది నిద్రపోతూ. దాన్ని చూసుకోవడానికి వచ్చినప్పుడు కారు చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ మీద అరచేత్తో తట్టారు. నన్ను గారు అని పిలిచి మరీ తీసిపారేయడం ఆయనకు అలవాటు.

"అల్లుడుగారూ, వెనక బరువు లేదండీ దీనికి. బండికి బరువు ముందుంటే కాడి మెడ నొక్కుద్ది, వెనకుంటే కాడి లేస్తది. సర్దుకుని కట్టుకోవాల. మీ చదువులో చెప్పలేదా?"

చెప్పారు, కానీ ఎడ్లబండి గురించి కాదు. ఆయన తన లాటులోంచి రెండు టిక్కీలు తీయించి డిక్కీలో పెట్టించారు. ఒక్కోటి నలభై కిలోల పైమాటే. బరువు పెరిగితే పట్టు పెరుగుతుందన్నది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, వంపులో ఆ బరువే కారును బయటికి లాగుతుంది. ఈ మాట అనేలోపు ఆయన ఆటో ఎక్కేశారు.

వారం రోజులు ఆ టిక్కీలతో తిరిగాను. చల్లదనంలో ఉన్నంతకాలం మిరపకాయలు మర్యాదగానే ఉంటాయి. ఎండలో నిలిపిన కారులో మాత్రం మేలుకుంటాయి. ఏసీ వేస్తే ఆ ఘాటే మళ్ళీ మళ్ళీ మొహాన కొడుతుంది. సిగ్నల్ దగ్గర తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ ఉంటే పక్క బండివాడు నన్ను జాలిగా చూశాడు, ఇంట్లో ఏదో అయ్యిందనుకుని. పూర్తిగా తప్పనలేం. మా ఆఫీసు అకౌంటెంటు ఒకసారి లిఫ్ట్ అడిగాడు. రెండోసారి నడిచి వెళ్ళాడు.

మా కోల్డ్ స్టోరేజీ ముందు లారీలు తిరగడానికి పెద్ద సిమెంటు ఆవరణ ఉంది. యంత్రాలను చల్లబరిచే నీళ్ళ తొట్టి ఒక మూల పొంగి, ఆ మూల ఎప్పుడూ తడిగా ఉంటుంది. తర్వాతి వారం మామగారు వచ్చినరోజు, ఆయన కళ్ళెదుటే టిక్కీలు దించేసి, అసలు కారు ఎందుకు జారిందో తేల్చుకుందామని ఆ తడి మీద నేనే గుండ్రంగా తిప్పి చూశాను. నెమ్మదిగానే. మొదటి చుట్టు బాగుంది. రెండో చుట్టులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీశాను, అంతే, బ్రేకు తాకలేదు. వెనక భాగం పక్కకి జారింది. స్టీరింగ్ ఎదురు తిప్పి సర్దుకున్నాను. మూడోసారీ అంతే.

లోడు కోసం ఆగిన లారీ నీడలో నిలబడి మామగారు అంతా చూశారు.

"ముందు చక్రాలు మాట వింటన్నాయి" అన్నారు. "వెనకవి వినట్లా."

దిగి వెనక టైరు దగ్గర కూర్చున్నాను. గాట్లు లోతుగానే ఉన్నాయి, అది అబద్ధం కాదు. గోరుతో నొక్కాను. దిగలేదు. ముందు టైరును నొక్కితే దిగింది. టైరు పక్కన చిన్నగా నాలుగంకెలు ఉంటాయి, ఏ వారంలో, ఏ ఏడాదిలో తయారైందో చెబుతాయి. వెనకవి కారుతోపాటే పుట్టినవి. ఏడేళ్ళ ఎండకి రబ్బరు గట్టిపడి బల్లచెక్కలాగా అయ్యింది. మూడు వారాలు కొత్త టైర్ల గురించి చదివినవాణ్ణి, ఉన్నవాటి మీద రాసిన నాలుగంకెలు చదవలేదు.

ముందు చక్రాలకు అంత పట్టు ఇచ్చి, వెనక వాటిని అలా వదిలేస్తే, ముందు భాగం టక్కున తిరుగుతుంది, వెనకది తిరగలేదు. ముందు జారితే కారు తిన్నగా పోతుంది, ఎవరైనా బ్రేకు తొక్కి ఆపుకుంటారు. వెనక జారితే తిరిగిపోతుంది, అప్పుడు ఎవరు తొక్కినా ఒకటే. అరిగిన జతైనా సరే, పాత జతైనా సరే, ముందు ఉండాలి. మంచిది వెనక ఉండాలి. ఈ సంగతి నేను చదివినవాటిలో కూడా ఉంది. నేను పట్టు ఎంత అన్నదే చదివాను, ఎక్కడ అన్నది చదవలేదు.

"ట్రాక్టరుకి మంచి టైర్లు వెనకే కదా ఏసేది" అన్నారు మామగారు. ఆయన చెప్పిన కారణం తప్పు, ట్రాక్టరు ఇంజను తిప్పేది వెనక చక్రాలను, మా కారుది ముందు చక్రాలను. జవాబు మాత్రం సరైనదే. దిద్దితే మార్కులు వేయాల్సిందే.

మర్నాడు షాపుకెళ్ళి ముందున్న జతను వెనక్కి మార్పించాను. గట్టిపడ్డవి ముందుకొస్తే బ్రేకు పని వాటి మీద పడుతుంది కాబట్టి వాటిని తీసేయించి అదే రకం ఇంకో జత వేయించాను. షాపు ఆయన కస్టమరు పిచ్చిని భరించే ఓపికతో చేశాడు. గాలి కూడా ఆయనకు తోచినంత కాకుండా, డ్రైవరు తలుపు పక్కన అంటించి ఉన్న అంకె చూసి పెట్టించాను. పాత రెండూ మామగారు పట్టుకెళ్ళారు, కళ్ళంలో మిరపకాయల మీద కప్పిన పట్టా ఎగరకుండా పెట్టుకోవడానికి. చివరికి వాటికి సరైన ఉద్యోగం దొరికింది.

ఆ సాయంత్రం ఆవరణ మూలన తడి మీద మళ్ళీ తిప్పాను. కాలు తీశాను. బ్రేకు కూడా తాకాను. వెనక భాగం ముందు భాగం వెంటే వచ్చింది.

ఇంటికొచ్చి, కారు బాగైందని మాత్రం చెప్పి ఊరుకుందామనుకున్నాను. మా ఆవిడ పేపర్లు దిద్దుతూ తలెత్తకుండా, "ఏం చేశారు?" అంది. టైర్లు మార్పించానన్నాను. ఎక్కడివి ఎక్కడికి అని అడిగింది. లెక్కల టీచరుకు జవాబు ఒక్కటే సరిపోదు, చేసిన విధానం చూపించాలి. చూపించాను, మొదటి నుంచి.

ఎర్ర పెన్ను మూత పెట్టింది.

"అయితే ఆ రోజు నేను తొక్కింది తప్పు కాదు."

"కాదు. ఎవరైనా అంతే తొక్కుతారు. టైర్లు అలా వేయించింది నేను."

"ఈ మాట మా నాన్న ముందు అనండి" అంది. మళ్ళీ పెన్ను మూత తీసింది.

ఆదివారం అన్నాను. పప్పు దగ్గరే అనేశాను, పెరుగు దాకా ఆగే ధైర్యం లేక. తప్పు నాది, ఆవిడ డ్రైవింగ్‌ది కాదు, ఆవిడ స్థానంలో ఎవరున్నా పత్తిచేలో దిగేవాళ్ళే అన్నాను. మామగారు ముద్ద కలిపారు. తర్వాత కూతురి విస్తరిలో ఇంకో గరిటె పప్పు వేయమని మా అత్తగారికి చెప్పారు. ఆయన క్షమాపణలు అంతకుమించి ఎప్పుడూ పోలేదు.

సోమవారం పొద్దున ఫ్రిజ్ మీద తాళం లేదు. రిమోటు, గడియారం అక్కడే ఉన్నాయి.

బుధవారం జల్లు పడింది. నా మోటార్ సైకిల్ పంక్చరైందని, దారిలో దింపమని కారెక్కాను. పంక్చర్ కాలేదు. కోల్డ్ స్టోరేజీ గేటు వచ్చింది, దిగలేదు. ఆవిడ ఆపనూ లేదు. ట్రాక్టర్లు రోడ్డెక్కే వంపు కనబడగానే నా చెయ్యి తనంతట తనే తలుపు పైనున్న పిడిని పట్టుకుంది. రేగడి తారు మీద మెరుస్తోంది. చేను ఆసామి గట్టు మీద గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ కాలు తీసింది, బ్రేకు తాకింది, తిప్పింది. కారు ముందూ వెనకా కలిసి ఒకేసారి తిరిగి, బడి వైపే మొహం పెట్టి పోయింది.

ఆవిడ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, "ఆ పిడి వదలండి, ఊడొస్తుంది" అంది.

కాసేపయ్యాక వదిలాను.