నిలబెడితే ఆగిపోయే కంప్యూటర్

2023 ఎండాకాలం. తాండూరు రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే నా కంప్యూటర్ రిపేరు దుకాణం. ఇల్లు వికారాబాద్‌లో. పొద్దున రైలెక్కి వస్తాను, సాయంత్రం రైలుకు తిరిగి వెళ్తాను. పదిహేడేళ్లుగా ఇదే పని. బడుల్లోనూ నాపరాయి పాలిషింగ్ యూనిట్ల ఆఫీసుల్లోనూ మొరాయించిన కంప్యూటర్లే నాకు ఎక్కువగా వచ్చేవి. విడిభాగాలు ఒక్కొక్కటీ ఎంచుకుని గేమింగ్ కంప్యూటర్‌ను సొంతంగా కట్టుకునేవాళ్లు అరుదు.

అలాంటిది ఒకరోజు సునీత వచ్చింది. కరణ్‌కోట అమ్మాయి, ఇరవై ఆరేళ్లుంటాయి. సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో రాతిపొడి పరీక్షించే ఉద్యోగం. తండ్రి మల్లయ్య ఇప్పటికీ గొర్రెలు కాస్తాడు. వేర్వేరు ఊళ్లలో ఉన్న నలుగురు అమ్మాయిలతో జట్టు కట్టి ఆమె ఆన్‌లైన్‌లో గేమ్ ఆడుతుంది. పాత ల్యాప్‌టాప్ ఆ వేగానికి తట్టుకోవడం లేదట. నెలలోపు వాళ్లకొక పోటీ ఉంది.

చేతిలో విడిభాగాల జాబితా ఉంది. చూడగానే తప్పు పట్టాలనిపించింది నాకు. ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే పెట్టె, ఇంత పెద్దది దండగ అన్నాను.

"గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారి గట్టిగ గుంజుకుంటే చిన్నది ఆగదన్నా. మస్తు చదివి రాసుకున్న" అంది.

నిజమే. గేమ్‌లోని దృశ్యాన్ని తెరమీదికి తెచ్చే ఆ కార్డుకే కరెంటు ఎక్కువ కావాలి. గాలి బాగా ఆడాలని బయటి ఇనుప డబ్బా, అదే క్యాబినెట్, పెద్దది ఎంచుకుంది. భాగాలన్నీ కూర్చునే మదర్‌బోర్డు మాత్రం చిన్నది. జాబితాలో మార్చాల్సిందేమీ లేదు. భాగాలన్నీ తెప్పించుకున్నాక మళ్లీ వచ్చి ఒక్కటే అడిగింది.

"మిగిలినయన్ని నేనే బిగించుకుంట. బోర్డును క్యాబినెట్‌ల కూసోబెట్టుడొక్కటి మీరు చెయ్యుండ్రి. గదొక్కటే జర భయమైతుంది."

భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, మరో గిరాకీతో మాట్లాడుతూనే ఆ పని కానిచ్చేశాను.

మూడో రోజు ఫోన్ చేసింది. "అన్నా, ఆట షురూ చేసిన కొద్దిసేపటికే బంద్ అయితుంది. ఏం చెప్పకుంటనే గుప్పున ఆరిపోతుంది."

తీసుకురమ్మన్నాను. గొంగడిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. బల్లమీద పడుకోబెట్టి, మూత తీసి, పొద్దంతా నడిపాను. ఒక్కసారీ ఆగలేదు. ఇంటికి తీసుకెళ్లింది, మళ్లీ అదే పాట. రెండోసారి తెస్తే ర్యామ్ మార్చి చూశాను, విండోస్ మళ్లీ ఎక్కించాను. నా బల్లమీద బంగారంలా నడిచింది. ఆమె ఇంట్లో మళ్లీ ఆగిపోయింది.

రాత్రుళ్లు నిద్రపట్టనివ్వని రకం చిక్కు ఇది. కనపడని తప్పును బాగుచేయడం ఎలా? ఇంకో రిపేరు పట్టుకున్నా ధ్యాస దాని మీదే. ఫోన్ మోగితే ఆమేనేమోనని ఉలిక్కిపడేవాణ్ని.

మూడోసారి వచ్చినప్పుడు ఒక నోటుబుక్కు నా ముందు పెట్టింది. ఎన్నింటికి ఆన్ చేసింది, ఎన్ని నిమిషాలకు ఆగింది, అప్పుడు లోపల వేడి ఎంతుంది, అన్నీ రాసింది. ల్యాబులో చేసే పనే కదా.

"కింద నిలబెడితే ఫ్యాన్ గాలికి దుమ్ము లేస్తుందని ఒకరోజు మంచం మీద పండబెట్టి నడిపిన. గా రోజు ఆగలే. ఇక్కడ గూడ మీరు పండబెట్టే చూస్తున్నరు. ఒక్కసారి నిలబెట్టి చూడుండ్రన్నా."

"కంప్యూటర్‌కు పండుడు, నిలబడుడు ఏం తెలుస్తది చెల్లె?" అన్నాను. అంతటితో ఆగలేదు. "నీకు బిగించుడు రాలేదు. ఏదో కదిలించినవ్. నా దిక్కు నుంచయితే అంతా సక్కగనే ఉంది."

ఆమె నోటుబుక్కు తీసుకుంది. కంప్యూటర్‌ను గొంగడిలో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం రైల్లో సీటున్నా కూర్చోలేకపోయాను. తలుపు దగ్గర నిలబడ్డాను, లోపలికి వచ్చాను, మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లాను. నిలబెట్టి చూడడానికి నాకు ఏం అడ్డమొచ్చింది? పది నిమిషాల పని. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా ఇదే ఆలోచన.

మర్నాడు శనివారం. వాళ్ల పోటీ ఆదివారం. తాండూరులో దిగగానే దుకాణం తెరవకుండా, పక్క షాపాయన బండి అడుక్కుని కరణ్‌కోట వెళ్లాను. సునీతకు ఆరోజు సెలవు. నన్ను చూసి ఆశ్చర్యపోయింది, కంప్యూటర్ దగ్గరికి మాత్రం రాలేదు.

"మీరే చూడుండ్రి. నేను ముట్టుకుంటలేను" అంది.

నిలబెట్టి గేమ్ నడిపాను. కాలు ఆడిస్తూ గడియారం చూస్తున్నాను. ఆరో నిమిషంలో ఆరిపోయింది. పడుకోబెట్టాను. నడిచింది. నిలబెట్టాను. ఆగింది. అప్పుడు మొత్తం విప్పి బోర్డును బయటికి తీశాను.

క్యాబినెట్ లోపల చిన్న చిన్న ఇత్తడి దిమ్మలు, స్టాండాఫ్‌లు, ఉంటాయి. బోర్డు ఇనుప గోడకు తగలకుండా వాటిమీద కూర్చుంటుంది. పెద్ద బోర్డు కోసం బిగించి వచ్చిన ఒక స్టాండాఫ్, ఈ చిన్న బోర్డుకు రంధ్రమే లేని చోట అలాగే ఉంది. బోర్డు పెట్టేముందు దాన్ని తీసేయాలి. నేను తీయలేదు. క్యాబినెట్‌ను నిలబెడితే బరువైన గ్రాఫిక్స్ కార్డు వేలాడి, ఆట నడిచి వేడెక్కేకొద్దీ బోర్డు కొద్దిగా వంగుతోంది. వెనక ఉన్న టంకం చుక్క ఇత్తడికి తగులుతోంది, కరెంటు దారి తప్పుతోంది, ఎస్ఎంపీఎస్ తనంత తానే ఆపేస్తోంది. మంచి ఎస్ఎంపీఎస్ కొనబట్టి బోర్డు కాలిపోలేదు. బోర్డు వెనక చిన్న నల్లటి గీత మాత్రం పడింది.

స్టాండాఫ్ తీసి జేబులో వేసుకున్నాను. ఎవరూ చూడలేదు. "లోపల కొంచెం లూజ్ అయింది, అంతే" అన్నాను. అనేసి బోర్డును మళ్లీ బిగించబోయాను. స్క్రూ రెండుసార్లు జారిపడింది.

గుమ్మంలో కూర్చున్న మల్లయ్య అప్పుడు అన్నాడు. "నిన్న మీరు జెప్పినకాన్నుంచి మా బిడ్డ దాన్ని ముట్టుడే బంద్ జేసింది సార్. నా చేతులే మంచిగ లెవ్వు నాయినా, అంత నేనే ఖరాబు జేసిన అని ఒకటే ఏడ్సుడు."

స్క్రూడ్రైవర్ కింద పెట్టాను. జేబులోంచి ఆ ఇత్తడి ముక్క తీసి సునీత అరచేతిలో పెట్టాను.

"తప్పు నీది కాదు చెల్లె. నాది. బోర్డు పెట్టిన రోజు దీన్ని తియ్యాలె, నేను తియ్యలే. నువ్వు నిలబెట్టి చూడమన్నది గూడ నిజమే. ఇప్పుడు గూడ లూజ్ అయిందని అబద్ధమాడిన."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖం ఎర్రబడింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా పడాల్సిందే.

"ముందు నన్ను అనేటప్పుడు గంత గట్టిగ అన్నరు గదన్నా" అంది, అంతే.

పడ్డ స్క్రూలు ఏరి పక్కన పెట్టాను. ఆమె వచ్చి నా పక్కన కూర్చుంది. "జరగుండ్రి. బోర్డు నేనే కూసోబెడ్త. మీరు చూస్తుండుండ్రి."

బోర్డు దించేముందు కిందికి వంగి, ఒక్కో స్టాండాఫ్‌కు ఎదురుగా బోర్డులో రంధ్రం ఉందో లేదో చూసుకుంది. నేను ఆ పని చేసినప్పటికంటే నాలుగింతల సమయం పట్టింది. నిలబెట్టి ఆన్ చేశాం. ఆరు నిమిషాలు దాటాయి. అరగంట దాటింది. మల్లయ్య చాయ్ తెచ్చిచ్చాడు. గంటకు కూడా ఆగలేదు.

ఆదివారం వాళ్ల జట్టు రెండో రౌండులో ఓడిపోయింది. సాయంత్రం ఆమే ఫోన్ చేసి చెప్పింది. కంప్యూటర్ ఒక్కసారీ ఆగలేదట, ఓటమి మాత్రం పూర్తిగా తమదేనట. ఆ ఏడాదే తన జట్టులో ఇద్దరికి కంప్యూటర్లు కట్టిచ్చింది. వాటికి నా సాయం అడగలేదు.

రిపేరుకు వచ్చినవాళ్లు చెప్పేది పూర్తిగా వినాలని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. సునీత దగ్గర నేను నేర్చుకున్నది వేరు. బాగుచేసిన యంత్రం తిరిగి వస్తే ఇప్పుడు ముందుగా నేను ముట్టుకున్న చోటే విప్పుతాను. అందులో నా తప్పు కనబడిన రోజున, అది జేబులో పడకముందే గిరాకీని పిలిచి చూపిస్తాను. పదిహేడేళ్ల పేరు కదా, ఇప్పటికీ చెయ్యి ముందు జేబు వైపే పోతుంది.