విత్తనం బుడ్డలు

ఓర్వకల్లు దగ్గరి ఆ పల్లెకు రెండేళ్లుగా వాన మొహం చాటేసింది. క్రాంతి కుమార్ భార్య దీవెనతో బెంగళూరు కూలికి బయలుదేరుతూ, మోటారుసైకిలుకు చాపచుట్టను, గిన్నెల మూటను పాత ట్యూబుతో బిగించి కడుతున్నాడు.

"నేను యాడ కూర్చుండేది? నీ నెత్తినా?" అంది దీవెన. వానలు పడగానే తిరిగొచ్చి సేద్యం చేస్తామన్న మాట మీదే ఆమె ఒప్పుకుంది.

"దారిలో తినేకి ఆ సంచిలో బుడ్డలు వేయించు."

"అవి విత్తనం బుడ్డలయ్యా!"

"తెలుసులే," అన్నాడతను, ముడి మీద నుంచి తల ఎత్తకుండా.

వేయించిన వేరుశనగ మొలవదు. దీవెన పొయ్యి ముట్టించింది. బండెక్కే ముందు పక్కింటి జీవమ్మ దగ్గరికి వెళ్లింది. వానల దాకా సాకమని తన కోడిని పొద్దున్నే ఆమెకు అప్పగించి ఉంది.

"ఇంక అది నీదే అక్కా," అంది. "కోసుకున్నా ఏమనుకోను."