కుర్చీ మర్యాద

మొన్న మా ఫ్లాట్‌లో వడ్రంగి తలుపు రుద్దుతుంటే, ఆ చెక్కపొడి వాసనకు ఉదయగిరి గుర్తొచ్చింది. ఆత్మకూరు నుంచి మేం అక్కడికి మారిన ఏడాది, పక్కింట్లో చెక్క గరిటెలు చేసే అవ్వ నన్ను దొంగ అనుకుంటోందని గట్టిగా నమ్మాను. రుజువులున్నాయి. వాళ్లింటి పిల్లలంతా నేలమీద కూర్చుని గరిటెలు నున్నగా రుద్దుతుంటే, నాకు మాత్రం దూరంగా కుర్చీ వేసేది. గరిటె ముట్టుకుంటే లాక్కునేది. నా చేతులవైపే చూసేది.

ఒకరోజు ఉండబట్టలేక, "నేనేం దొంగను కాదవ్వా," అన్నాను.

అవ్వ నోరెళ్లబెట్టింది. "ఓరి పిచ్చోడా! ఇంటికొచ్చిన బిడ్డకి పని చెప్తే బాగుండదని కుర్చీ ఏసినాను. దిగు! రుద్దు!"

రుద్దాను. వేలితో తడిమి చూసి, "ఇదేందిరా, మేక నాకినట్టుండాది. మళ్లీ రుద్దు," అని కసిరింది. పిల్లలు పడీపడీ నవ్వారు.

నన్ను చుట్టంగా చూడటం మానేసిందని అప్పుడు నాకు తెలియలేదు. అవ్వ తిట్టిందని అమ్మకు చెప్పడానికి మాత్రం సంబరంగా పరుగెత్తాను.