తరుగు పోను యాభై రెండు

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టి, ఏ రోజుల్లోనో చెప్పకుండా దాటిపోయే జ్ఞాపకాలంటే నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ. రోజు అన్నాక దానికొక వారం ఉండాలి, వేళ ఉండాలి. మనిషి అన్నాక ఎత్తూ బరువూ ఉండాలి. అటువంటి నేనే ఇప్పుడు సంవత్సరం చెప్పకుండా ఒక సంగతి వ్రాయవలసి వచ్చింది. అది మా చిన్నక్క పెట్టిన షరతు. "సంవత్సరం రాశావంటే చదివినవాళ్ళంతా నా వయసు లెక్కేస్తారు. బరువంటావా, రాసుకో. అది ఎట్లాగూ ఊరంతటికీ తెలిసిందే" అన్నది. కనుక పాఠకులు మన్నించాలి. సినిమాలు మద్రాసు నుంచి వచ్చే కాలం, మిరపకాయలు గుంటూరు నుంచి పోయే కాలం అని మాత్రం చెప్పగలను. (ఈ రెండింటిలో రెండోది ఇప్పటికీ మారలేదు.)

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళ నాలుగు నెలలు. ప్రత్తిపాడులో ఒక మిర్చి వ్యాపారి గిడ్డంగిలో కాటా గుమాస్తాగా చేరి ఏడాది దాటింది. ఇనుప బల్ల మీద బస్తా పెట్టి, ఎదుట ఉన్న పట్టీ మీద గుండును జరిపి బరువు చూసే పాతకాలపు కాటా మాది. రైతు తెచ్చిన బస్తాకు కాటా మీద వచ్చే అంకె వేరు, పుస్తకంలో పడే అంకె వేరు. గోతానికి ఒక కిలో, తేమకూ తాలుకాయకూ కలిపి ఇంకొక కిలో, మొత్తం రెండు కిలోలు తరుగు తీసి, మిగిలిన నికరం మాత్రమే వ్రాయాలన్నది మా గిడ్డంగి పద్ధతి. సీజనులో రోజుకు రెండు వందల బస్తాలు తూచేవాణ్ణి. కొన్నాళ్ళకు కన్ను నలభై నాలుగు చూస్తే చేయి నలభై రెండు వ్రాసేది. మధ్యలో నా ప్రమేయం ఉండేది కాదు. ఆ వేగాన్ని చూసి యజమాని మెచ్చుకునేవారు. ఆ మెప్పే నా కొంప ముంచింది, నా కొంప కంటే ముందు మా చిన్నక్క కొంప.

చిన్నక్క మా పెద్దమ్మ కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్దది. ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లోనే ఉండేది. ఆమె ప్రాణమంతా నాటకం. మా చర్చిలో ఏటా వేసే క్రిస్మస్ నాటికలో పదమూడో ఏటి నుంచీ వేషం కడుతూనే ఉన్నది, కానీ ఒక్కసారీ మరియమ్మ వేషం దక్కలేదు. పొడగరి, బక్కపలచన, అందుచేత గొర్రెల కాపరిగా మూడుసార్లు, తూర్పుదేశపు జ్ఞానిగా నాలుగుసార్లు గడ్డం పెట్టుకున్నది. మరియమ్మ వేషం సంఘపెద్దగారి అమ్మాయికే పోయేది. ఆ అమ్మాయి బొద్దుగా, నిండుగా ఉండేది. "పసిబిడ్డ తల్లంటే చూడగానే తల్లిలాగా ఉండాలి కదమ్మా" అని పాస్టరుగారు నచ్చజెప్పేవారు. చిన్నక్క తల ఊపి, గడ్డం కట్టుకునేది.

డిసెంబరు మొదటి వారంలో ఒక మంగళవారం నాడు మద్రాసు నుంచి సినిమావాళ్ళు మా గిడ్డంగికి వచ్చారు. ఫిబ్రవరిలో కాయ కోతకు వచ్చి కల్లాల్లో ఆరబోసినప్పుడు, ఆ ఎర్రటి రాశుల మధ్య ఒక పాటా రెండు సన్నివేశాలూ తీస్తారట. అదే సమయానికి చిన్నక్క నాకు మధ్యాహ్నం క్యారియరు తెచ్చింది. వారి మేనేజరు కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు, పెట్టుకుని మళ్ళీ చూశాడు. కథానాయిక చెల్లెలి వేషానికి కుదిరిన అమ్మాయి, పెళ్ళి నిశ్చయమై, మానుకున్నదట. నాలుగు డైలాగుల వేషం, మూడు జతల దుస్తులు కుట్టి సిద్ధంగా ఉన్నాయి. సాయంత్రం ఆయన పెద్దమ్మ ఇంటికి వచ్చాడు.

"ముఖం ఉందండీ, మనిషే లేదు" అన్నాడు నిట్టూర్చి. "కెమెరాకి కాస్త కండ కనపడాలి. ఇట్లా ఎముకలు కనిపిస్తే కరువు సినిమా అనుకుంటారు జనం."

పెద్దమ్మ ఏమాత్రం తొణకలేదు. "మనిషిని మేం తెస్తాం బాబూ. ఎంత కావాలో చెప్పండి."

"మానేసిన పిల్ల యాభై రెండు కిలోలు. ఆ దుస్తులు ఈ అమ్మాయికి సరిపోవాలి. పది వారాలు టైముంది." ఇలా చెప్పి, కొలతకు గుర్తుగా ఆది రవిక ఒకటి ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఆ రవికను చిన్నక్క రెండు చేతులతో పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లు ఉంది. "ఒరేయ్ తమ్ముడూ, గడ్డం లేని వేషంరా!" అన్నది.

తూనిక బాధ్యత నాదే అన్నాను. ప్రతి శనివారం ఉదయం ఏడూ పదికి, హమాలీలు రాకముందే, గిడ్డంగిలో తూకం. మొదటి శనివారం ఆమె తెల్లచీర కట్టుకు వచ్చింది. కాటా బల్ల మీద ఎప్పుడూ కారపు పొడి ఉంటుంది కనుక పెద్దమ్మ ఒక కొత్త గోతం పరిచి దాని మీద నిలబెట్టింది. ఆమె తుమ్మింది. గుండు కదిలింది. మళ్ళీ తుమ్మింది. పదకొండు తుమ్ములకు గానీ కాటా నిలవలేదు. అందరికంటే ముందే వచ్చి కూర్చునే హమాలీల ముఠా మేస్త్రి బీడీ ఆర్పి, "ఎండుకాయలాగా ఉన్నావే అమ్మాయ్! ఏ గ్రేడు రాస్తావు గుమాస్తా?" అని నవ్వాడు. కాటా మీద నలభై ఆరు. పుస్తకంలో నేను వ్రాసింది నలభై నాలుగు. (ఆ రోజు గోతం నిజంగానే ఉన్నది గనుక ఒక కిలో తరుగుకు న్యాయం ఉందని వాదించవచ్చు. రెండో కిలోకు నా దగ్గర వాదన లేదు. రెండో శనివారం నుంచి గోతమూ లేదు. తరుగు మాత్రం ఉంది.)

ఇక పెద్దమ్మ వంటగదిలోకి దిగింది. మినపసున్నుండలు పొద్దున మూడు, సాయంత్రం మూడు. గడ్డపెరుగు, నేతి అన్నం, కోడిగుడ్లు, అరటిపండ్లు. నేను ప్రతి వస్తువునూ వారంవారం ఒక గళ్ళ కాగితం మీద ఎక్కించి, బరువుకు ఎర్ర గీత, సున్నుండలకు నల్ల గీత గీశాను. ఆ గీతలు జంటగా పైకి ఎగబాకుతుంటే నాకు కలిగిన తృప్తి అంతా ఇంతా కాదు. ఎత్తు, బరువు, తిండి, వేళ, అన్నిటికీ గడులు ఉన్నాయి. ఏదీ వదలలేదనుకున్నాను.

ఎనిమిదో శనివారం చిన్నక్క కాటా దిగి అక్కడే కూర్చుండిపోయింది.

"ఇంక చాలురా తమ్ముడూ. నిన్న ఆది రవిక తొడిగి చూశా. ఒంటికి అతికినట్టుంది. ఇంకో ముద్ద తింటే ఆయాసం వస్తోంది. బావి దగ్గర బిందె ఎత్తలేకపోయాను."

"నికరం యాభై. ఇంకా రెండు కావాలి" అన్నాను పుస్తకం చూపించి.

"నా ఒళ్ళు నాకు తెలీదంట్రా?"

"ఒంటికేం తెలుస్తుందక్కా? కాటాకి తెలుస్తుంది."

పెద్దమ్మ నా పక్షమే చేరింది. "వాడు లెక్క మనిషే. వాడి మాట విను. ఇదుగో, ఈ ఒక్కటీ తిను." చిన్నక్క నా వంక చూస్తూ ఆ సున్నుండను కొరికింది. ఆ చూపుకు నా కాగితంలో గడి లేదు.

మరుసటి ఆదివారం ఆరాధనలో రెండో చరణం మధ్యలో ఆమె పాట ఆపి, నోటికి కొంగు అడ్డుపెట్టుకుని బయటికి పరిగెత్తింది. వేపచెట్టు కింద వాంతి చేసుకున్నది. డాక్టరుగారు నాడి చూసి, "ఏం పెడుతున్నారమ్మా పిల్లకి? తగ్గించండి" అన్నారు. "తగ్గిస్తామండీ. పదిహేను రోజులాగి తగ్గిస్తాం" అన్నది పెద్దమ్మ వినయంగా. పదో శనివారం నికరం యాభై రెండు. దాన్ని ఎర్ర సిరాతో వ్రాసి, కింద రెండు గీతలు కొట్టాను.

సోమవారం షూటింగు. కల్లమంతా ఎర్రగా పరుచుకుని ఉన్నది. చూడటానికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ వచ్చాయి. దుస్తులు వేయించే ఆవిడ చిన్నక్కను తడికల చాటుకు తీసుకువెళ్ళింది. అయిదు నిమిషాలైంది, పది అయింది. (నా చేతికి గడియారం ఉన్నది, పన్నెండున్నర నిమిషాలు.) ఆవిడ ఒక్కతే బయటికి వచ్చి, "హుక్కులు పడటంలేదండీ. ఊపిరి బిగబట్టినా పడటంలేదు. కుట్టు విప్పుదామంటే లోపల గుడ్డ వదల్లేదు" అన్నది.

మేనేజరు మండిపడ్డాడు. "యాభై రెండని చెప్పానా లేదా?"

"యాభై రెండేనండీ!" అన్నాను నేను, పుస్తకం పైకెత్తి. "కావాలంటే గిడ్డంగికి రండి. కాటా ఉంది, నేనున్నాను."

నన్నెవరూ రుజువు అడగలేదు, నేనే అందరినీ వెంటబెట్టుకు వెళ్ళాను. మేనేజరు, పెద్దమ్మ, కల్లంలోని జనంలో సగం. చిన్నక్క అందరి ఎదుటా కాటా ఎక్కింది. ఈసారి తుమ్మలేదు. ముఠా మేస్త్రి గుండు జరిపి గట్టిగా చదివాడు: "యాభై నాలుగు!"

"అంటే యాభై రెండు" అన్నాను నేను.

మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఏంది గుమాస్తా! ఆడపిల్లకి కూడా తరుగు తీశావా?"

ఆ నవ్వు ఎంతసేపు సాగిందో నేను లెక్కపెట్టలేదు. నా జీవితంలో లెక్కపెట్టకుండా వదిలినవి తక్కువ, వాటిలో అది ఒకటి. మేనేజరు కూడా కోపం మరిచి, "గోతం సరేనయ్యా, తేమ ఎక్కడుంది?" అన్నాడు. అప్పుడు నేను తలెత్తి చూశాను. తేమ చిన్నక్క కళ్ళలో ఉన్నది.

ఎనిమిదో శనివారం నాడు ఆమె సరిగ్గా యాభై రెండు. రవిక చెప్పింది, ఒళ్ళు చెప్పింది, ఆమే నోరు తెరిచి చెప్పింది. నేనొక్కణ్ణే వినలేదు.

దుస్తులు ఎవరికి సరిపోతాయా అని వెతికితే, జనంలో నిలబడి చెరకుముక్క నములుతున్న సంఘపెద్దగారి అమ్మాయికి మొదటి ప్రయత్నంలోనే మూడు హుక్కులూ పడ్డాయి. ఆ నాలుగు డైలాగులూ ఆమెవే అయ్యాయి. చిన్నక్కను పాటలో కాయలు ఏరే నలభై మంది ఆడవాళ్ళ మధ్య నిలబెట్టారు. సినిమా గుంటూరుకు వచ్చినప్పుడు నేను నాలుగుసార్లు చూశాను. గంప మోస్తున్న ఆమె కుడిచేయి మూడున్నర సెకన్లపాటు కనిపిస్తుంది. ఆ షూటింగు తరువాత నాతో ఆమె తొమ్మిది రోజులు మాట్లాడలేదు. పదో రోజున క్యారియరు తెచ్చి, బల్ల మీద పెట్టి, "తరుగు తీసుకుని తిను" అన్నది. అంతే, రాజీ అయిపోయింది.

మళ్ళీ క్రిస్మస్‌కు సంఘపెద్దగారి అమ్మాయి సినిమా తార అయినందున నాటికలకు రానన్నది. చిన్నక్క అప్పటికి యాభై కిలోలు (ఇది తరుగు తీయని అంకె). పాస్టరుగారు ఆమెను ఎగాదిగా చూసి, "ఇప్పుడు నువ్వు మరియమ్మకు సరిపోతావమ్మా" అన్నారు. చిన్నక్క ఒక్క క్షణం ఆలోచించింది. "వద్దండీ. మరియమ్మకి మాటలేమున్నాయి? నాకు దేవదూత వేషం ఇవ్వండి, మాటలన్నీ దూతవే" అన్నది. ఆ రాత్రి ఆమె "భయపడకుము" అన్నప్పుడు వెనక బెంచీల్లో ఏడుస్తున్న పసిపిల్లలు కూడా ఊరుకున్నారు. తరువాత ముప్ఫై ఒక్క సంవత్సరాలు పాఠాలు చెప్పింది. ఆమె గొంతు మూడు గదుల అవతలికి వినపడేదట.

ఇదంతా ఇప్పుడు ఎందుకు తవ్వానంటే, కిందటి నెలలో ఒక శనివారం చిన్నక్క తన మనవరాలిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల హైదరాబాదులో ఉంటుంది. టీవీ సీరియల్‌లో వేషానికి ఎంపికైంది గానీ బరువు తగ్గి రమ్మన్నారట. వారంవారం తూకం చార్టు పంపాలట.

"చార్టులు రాయడంలో మీ తాతయ్యకి మంచి అనుభవం ఉందే" అన్నది చిన్నక్క కుర్చీలో కూలబడుతూ.

నా దగ్గర ఎలక్ట్రానిక్ కాటా ఉన్నది. ప్రతి ఆదివారం పది కిలోల రాయి పెట్టి సరిచూస్తాను. పిల్ల ఎక్కింది. యాభై రెండు పాయింటు నాలుగు.

"ఎంతకి రావాలమ్మా?"

"నలభై ఆరుకి, తాతయ్యా."

చిన్నక్క విరగబడి నవ్వింది. "నలభై ఆరుకే కదే నన్ను మనిషే లేదన్నారు!"

"అది మీ కాలం అమ్మమ్మా" అన్నది పిల్ల, నవ్వకుండా. కాటా దిగేటప్పుడు గోడ పట్టుకున్నది.

నేను కొత్త పుస్తకం తీసి గడులు గీస్తున్నాను. చిన్నక్క నవ్వు ఆపి ముందుకు వంగింది. "ఒరేయ్, రెండు తరుగు తీసి రాయరా. అప్పుడు అడక్కుండా తీశావు. ఇప్పుడు అడుగుతున్నా, తీయి."

కలం ఆగిపోయింది. తప్పుడు అంకె వ్రాయడం నా వల్ల కాదు. అంకె ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో నాకు ఒకసారి తెలిసింది. ఆ పిల్ల ఇంకా గోడ వదల్లేదు. అడగవలసిన ప్రశ్న ఒకటుందని, దాన్ని పది శనివారాల్లో ఒక్కసారీ అడగలేదని అప్పుడు తోచింది.

"ఆకలేస్తోందా అమ్మా?"

పిల్ల అమ్మమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. "పొద్దుటి నుంచీ తాతయ్యా" అని, కాస్త ఆగి, "కాదు... నెల రోజుల నుంచీ" అన్నది.

యాభై రెండు పాయింటు నాలుగు అని వ్రాశాను. తరుగు తీయలేదు. పక్కన మరొక గడి గీసి, పైన 'ఆకలి' అని పేరుపెట్టి, కింద 'ఉన్నది, నెల రోజులుగా' అని నింపాను. "ఇదే పంపుతావో, చింపేస్తావో నీ ఇష్టం తల్లీ. లెక్క మాత్రం సరైనది" అన్నాను. ఆ పిల్ల కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, వంటింట్లోకి వెళ్ళింది. కంచం చప్పుడు వినిపించింది. ఆ వేషం ఉంటుందో పోతుందో ఈ వాక్యం వ్రాసేనాటికి తెలియదు.

తరువాత నేను బీరువాలోని పాత పుస్తకం తెచ్చాను. చివరి పేజీల్లో చిన్నక్క పది శనివారాలు, ఎర్ర సిరాతో యాభై రెండు, కింద రెండు గీతలు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, ఒంటికేం తెలుస్తుందన్న ఆ పంతొమ్మిదేళ్ళ నాలుగు నెలల గుమాస్తాను తలుచుకుంటే సిగ్గూ నవ్వూ కలిసే వచ్చాయి. పాపం, వాడూ కష్టపడ్డాడు. అన్ని గడులూ ఎంత తిన్నగా గీశాడో!

"అక్కా, ఎనిమిదో శనివారానికి ఎదురుగా ఏం రాయమంటావు?" అని అడిగాను.

చిన్నక్క కళ్ళజోడు సవరించుకుని పేజీ దగ్గరగా పెట్టుకు చూసింది. "నేనప్పుడు చెప్పిందే రాయి."

యాభై అన్న అంకెను కొట్టివేసి యాభై రెండు వ్రాశాను. దాని పక్కన 'చాలు' అని వ్రాసి, తారీఖు వేసి, సంతకం పెట్టాను.