బండికి బరువు

నల్లరేగడి చెప్పులకు అట్టలు కట్టిందంటే నాకు రొంపిచెర్ల దారి గుర్తొస్తుంది.

యుద్ధం రోజులవి, నాకు ఆరేళ్ళు. జ్వరంతో ఒళ్ళు తెలియని అమ్మను నాన్న బండిలో నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళుతుంటే, వానకు చక్రాలు ఇరుసుదాకా దిగబడ్డాయి. "బరువు తగ్గాలి, దిగవే" అన్నాడు. దిగాను. బండి కదిలింది. ఆపితే మళ్ళీ దిగబడుతుందని, "పిల్లను చూసుకో పెద్దమ్మా, వచ్చేటప్పుడు తీసుకెళ్తా" అని దారి పక్క గుడిసెలోని ముసలామెకు కేకేసి, వెనక్కి చూడకుండా సాగిపోయాడు.

నేను దిగగానే కదిలింది కాబట్టి తప్పంతా నా బరువుదే అనుకున్నాను. ముసలామె పెట్టే జొన్నసంగటిలో సగం కుక్కకు వేసేదాన్ని.

"ఏందే, పిచ్చుక తిన్నట్టు తింటావు? చానా దిగులా?" అనేది.

నేను తడిక సందులోంచి దారికేసి చూస్తూ కూర్చునేదాన్ని.

దారి ఎండాక బండి వచ్చింది. బండిలో పరిచిన గడ్డి మీద అమ్మ గుర్తుపట్టలేనంత చిక్కిపోయి ఉంది. నన్ను ఎత్తుకోబోయి ఎత్తలేకపోయింది. నాన్నే నన్ను ఆమె పక్కన కూర్చోబెట్టాడు. బండి ఎక్కడా దిగబడలేదు. నా పస్తులు పనిచేశాయని దారంతా మురిసిపోయాను.

అమ్మా నేనూ కలిసి ఒక మనిషి బరువైనా లేమని అప్పుడు తెలియలేదు.