పట్టుగూళ్ళక్క చెప్పిన టైము పాఠం

ఆ రోజుల్లో ఇంగ్లీషు జాతీయాలు నాలుగు నోటికొస్తే చాలు, ఇంగ్లీషు వచ్చేసినట్టేనని నా గట్టి నమ్మకం. డిగ్రీ అయ్యాక ధర్మవరంలో ఖాళీగా తిరుగుతున్న నాకు హిందూపురం నుంచి ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటరాయన ఫోన్ చేశాడు. "ఏమప్పా, రేపు పదింటికి ఒక క్లాసు చెప్పు. వచ్చినోళ్ళు చేరితే ఉద్యోగం నీది, లేకుంటే లేదు" అన్నాడు. పాఠం నేనే ఎంచుకున్నాను: కాలం మీద ఇంగ్లీషు జాతీయాలు. (అంతకంటే పెద్ద సాహసం మళ్ళీ చేయలేదు.) పది జాతీయాలు అర్థాలతో సహా కాగితం మీద రాసి, ఫొటో తీసి ఆయనకు పంపాను.

మా ప్యాసింజరు రైలు ఏనాడూ సమయానికి రాదు. అందుకని ఇంట్లోంచి అరగంట ఆలస్యంగా బయల్దేరడం మా వీధి ఆచారం. ఆ రోజు అది సమయానికి వచ్చింది, వెళ్ళిపోయింది కూడా. బస్సెక్కితే, పెనుకొండలో డ్రైవరు టీకి దిగి ఎవరితోనో కూతురి పెళ్ళి మాటల్లో పడ్డాడు. "అన్నా, పోదామా" అని కిటికీలోంచి బతిమాలాను. "పోకుండా ఈడే ఉంటామా అబ్బా" అన్నాడు. ఉద్యోగం పోయినట్టేనని ఏడుపొచ్చింది.

నేను చేరేసరికి పదకొండు కావస్తోంది. గదిలో ఇరవై మంది కదలకుండా కూర్చున్నారు. నేను పంపిన ఫొటో ప్రింటు చేత్తో పట్టుకుని ఒక నడివయసు ఆవిడ బోర్డు దగ్గర మాట్లాడుతోంది. మార్కెట్టుకు పట్టుగూళ్ళు తెచ్చే రైతు ఆవిడ. అందరూ పట్టుగూళ్ళక్క అంటారట. బెంగుళూరు వ్యాపారులతో మాట్లాడాలని ఇంగ్లీషుకు వచ్చింది. లేచి పోబోయినవాళ్ళను ఆపింది కూడా తనేనట.

"ఇన్ ద నిక్ ఆఫ్ టైమ్ అంటే సరిగ్గా ఆఖరి నిమిషంలో అని రాసినాడు సారు. మా గూళ్ళూ అంతే. లోపల పురుగుకు రెక్కలు రాకముందే మార్కెట్టుకు తేవాల. ఒక్క దినం ఎక్కువైతే అది గూడు తొలుచుకోని బయటికొస్తాది. తూటు పడిన గూటికి దారం రాదు" అంటోంది.

రాత్రంతా గైడు బట్టీపట్టినా నాకు అంత తేటగా చెప్పడం రాలేదు, ఇప్పటికీ రాదు. తల దించుకోవాల్సింది పోయి (వయసు అలాంటిది), "బెటర్ లేట్ దాన్ నెవర్. అసలు రాకపోవడం కంటే ఆలస్యంగానైనా రావడం మేలు. అందుకు నేనే ఉదాహరణ" అన్నాను.

"మనుషులకైతే సరే సార్. గూళ్ళకు చెప్పి చూడండి" అంది ఆవిడ నెమ్మదిగా.

సెంటరాయనతో సహా గదంతా నవ్వింది. అందరూ చేరారు. ఉద్యోగం నాకొచ్చింది గానీ, సంపాదించింది ఎవరో నాకు తెలుసు.

ఇన్నేళ్ళుగా ఆ పాఠం పట్టుగూళ్ళతోనే మొదలుపెడుతున్నాను, ఎవరు నేర్పారో కూడా చెబుతున్నాను. రైలుకు అరగంట ముందే ధర్మవరం ప్లాట్‌ఫారం మీద ఉంటాను. అది మాత్రం మళ్ళీ ఏనాడూ సమయానికి రాలేదు. ఆ బెంచీ మీద కూర్చుని, బస్సు కిటికీలోంచి డ్రైవర్ని బతిమాలిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను.